కొమికెట్ బాగుంది, ముంచింది లాడ్జి వాడే

ఆగస్టులో టోక్యో బిగ్ సైట్ అనే ఎగ్జిబిషన్ సెంటర్‌కి కొమికెట్, అంటే కామిక్స్ అభిమానుల పెద్ద సంత, చూడ్డానికి వెళ్లేవాళ్లు ఎవరైనా ఉంటే ముందుగా ఒక్క మాట. "పక్కనే ఉంటే పొద్దున్నే లైన్లో నిలబడొచ్చు" అని ఎవరు చెప్పినా విని, ఆ చుట్టుపక్కల దొరికిన గదల్లా బుక్ చేయకండి. మాతో ఆ పని చేయించింది బెంగళూరు నుంచి వచ్చిన మా ఫ్రెండు. 2025 ఆగస్టు 16 శనివారం, అసలే ఒబోన్ (పితృదేవతల పండగ) సెలవులు, మంచి హోటళ్లన్నీ ఎప్పుడో నిండిపోయాయి. వాడు యాప్‌లో వెతికి వెతికి ఒక క్యాప్సూల్ లాడ్జి పట్టాడు, అంటే గదికి బదులు మనిషి పట్టేంత పెట్టెలో పడుకోవడం. మనిషికి 6,200 యెన్‌లు, స్టేషన్ నుంచి పది నిమిషాల నడక అని రాసి ఉంది.

సూట్‌కేసులు ఈడ్చుకుంటూ నడిస్తే అరగంట పట్టింది. కౌంటర్లో కుర్రాడు నడుం వంచి దండం పెట్టి మరీ వాత పెట్టాడు. పెద్ద సూట్‌కేసు పైకి తీసుకెళ్లకూడదు, కింద పెడితే ఒక్కోదానికి 800. తువ్వాలు 300. పొద్దున తొమ్మిదికల్లా ఖాళీ చేయాలి, సాయంత్రం దాకా సామాను ఉంచితే మళ్లీ 800. యాప్‌లో ఇందులో ఒక్క ముక్క లేదు. నేను నాగోయాలో ఉద్యోగం చేస్తున్నాను, జపనీస్ ఓ మోస్తరుగా వచ్చు. ఫోన్ చూపించి గట్టిగా అడిగాను. క్షమించమన్నాడు. మళ్లీ అడిగాను. మళ్లీ క్షమించమన్నాడు. ఒక్క యెన్ తగ్గలేదు. తిట్టేవాడితో అయితే పోట్లాడొచ్చు, ఇలా దండాలు పెట్టేవాడితో ఏం పోట్లాడతాం?

ఏసీ గాలి నడవా దాటి క్యాప్సూల్లోకి రాలేదు. మా గుంటూరు మిత్రుడు రాత్రి చాలాసేపు మెట్ల మీదే కూర్చుని లెక్క కట్టాడు. "మనిషికి 8,100 అయింది మామా, మన డబ్బుల్లో నాలుగు వేల ఏడొందల పైనే" అన్నాడు. బెంగళూరు వాడు అటు తిరిగి పడుకున్నట్టు నటించాడు.

పోనీ దగ్గర్లో ఉన్నందుకు లాభం ఏమైనా ఉందా అంటే, అదీ లేదు. రాత్రే వచ్చి లైన్లో కూర్చోవడం అక్కడ నిషేధం. లోపలికి వెళ్లడానికి చేతికి కట్టుకునే బ్యాండ్ ముందే కొనుక్కోవాలి. ఉదయానికి వేరు, మధ్యాహ్నానికి వేరు. మావి ఉదయంవి. కాంక్రీటు మీద, నెత్తిన ఎండ, చెమటకి చొక్కా వీపుకి అతుక్కుపోయింది. ఫలానా ఆర్టిస్టు పుస్తకం దొరక్కపోతే బతకలేను అనుకునేవాళ్లు తప్ప మిగతావాళ్లు మధ్యాహ్నం బ్యాండ్ తీసుకోండి. చవక కూడా.

లోపలికి అడుగుపెట్టాక మాత్రం కోపం సగం పోయింది. కొమికెట్ అంటే కంపెనీలు బొమ్మలు అమ్ముకునే సంత మాత్రమే కాదు. ఆ స్టాళ్లూ ఉన్నాయి కానీ అసలు జనం వచ్చేది డోజిన్‌షి కోసం, అంటే అభిమానులు సొంతంగా గీసి, సొంత ఖర్చుతో అచ్చువేసుకున్న పుస్తకాల కోసం. 1975 డిసెంబరులో మొదటిసారి జరిగినప్పుడు 32 బృందాలు, ఏడొందల మంది దాకా జనం. మేం వెళ్లింది 106వది. హాలు పొడుగునా బల్లలే బల్లలు. ఇక్కడ కొనేవాళ్లని కూడా కస్టమర్లు అనరు, అమ్మేవాళ్లూ కొనేవాళ్లూ అందరూ పాల్గొనేవాళ్లే అంటారు. ఏదో నినాదం అనుకున్నాను కానీ లైన్లో నిలబడితే తెలిసింది. పేరున్న బల్ల ముందు లైను చివర నిలబడ్డవాడి చేతిలో "చివర ఇదే" అని రాసిన అట్ట ఉంటుంది. వెనక ఇంకొకరు రాగానే రెండు చేతులతో దాన్ని వాళ్లకి అందిస్తాడు. నా చేతికీ వచ్చింది, పది సెకన్లలో పోయింది. తోపులాట లేదు, అరుపులు లేవు. మన దగ్గర సినిమా టికెట్ల కౌంటరు తలుచుకుని నవ్వుకున్నాం.

డబ్బు చిల్లరగా పట్టుకెళ్లండి. వెయ్యి నోట్లు, 500 నాణేలు. పదివేల నోటు తీస్తే అవతలివాళ్ల మొహం చూడలేం. పిల్లలతో వెళ్లేవాళ్లు ఏ హాల్లో ఏముందో ముందే చూసుకోండి, 'పెద్దలకు మాత్రమే' పుస్తకాలూ పక్కపక్కనే ఉంటాయి. బెంగళూరు వాడు ముద్దొచ్చే అట్ట చూసి ఒకటి తెరిచి, అంతే వేగంగా మూసేశాడు.

కాస్‌ప్లే వేషాలు, అంటే కామిక్స్ పాత్రల్లా వేసే వేషాలు, ఇంటి దగ్గర్నుంచే వేసుకుని రాకూడదు, అక్కడే మార్చుకోవాలి. ఫొటో తీసే ముందు అడగాలి. అడిగితే బాగా పోజిస్తారు.

మా గుంటూరు వాడు అసలు ఆనిమే (జపాన్ కార్టూన్లు) చూడడు, మా కోసం వచ్చాడు. శాకాహారి కూడాను, 180 యెన్‌ల, ఉప్పులో ఊరేసిన ప్లమ్ పండు పెట్టిన అన్నం ముద్ద ఒకటి తిని మొహం ముడుచుకుని తిరుగుతున్నాడు. తిండి పుస్తకాల వరుసలో ఉన్నట్టుండి ఆగిపోయాడు. ఒక బల్ల మీద సన్నటి పుస్తకం, 700 యెన్‌లు. లోపలంతా రంగు పెన్సిళ్లతో గీసిన దక్షిణాది భోజనం. ఒక పేజీ నిండా గోంగూర పచ్చడి. ఎర్ర కాడలు, పైన తేలిన నూనె, పక్కన పచ్చి ఉల్లిపాయ ముక్క, అన్నంలో ఎంత కలపాలో బాణం గుర్తు. గీసినావిడకి యాభై ఏళ్లుంటాయి. విజయవాడలో తిన్నాను, ఆ రాత్రి కడుపు మండింది, మర్నాడు మళ్లీ వెళ్లి తిన్నాను అంది. నేను తెలుగులో చెప్పేలోపే వాడు నవ్వేశాడు. "ముందు నెయ్యి వేసుకోవాలమ్మా, చెప్పరా ఆవిడకి" అన్నాడు. ఆవిడ వెంటనే పెన్ను తీసి రాసుకుంది. వాడు మూడు పుస్తకాలు కొన్నాడు, ఒకటి వాళ్లమ్మకట.

నాలుగింటికి ముగిసిందని మైకులో చెప్పగానే హాలంతా చప్పట్లు. మేమూ కొట్టాం.

ఈసారి వెళ్తే మాత్రం మకాం నిషి-కసాయ్‌లోనే. టోక్యోలో మన సాఫ్ట్‌వేర్ వాళ్లు చాలామంది ఉండే పేట అది. ఆ రాత్రి భోజనానికి అక్కడికే వెళ్లాం. మసాలా దోశ 1,250, సాంబారు ఎంత అడిగితే అంత. గుంటూరు వాడు రెండు లాగించాడు. మొత్తం 5,600 అయింది. బెంగళూరు వాడు ఎవరూ అడక్కముందే బిల్లు తీసుకుని కౌంటర్ వైపు నడిచాడు.