మా పారిశ్రామికవాడ సంఘం సీఎస్‌ఆర్ సేవ: రెండేళ్ల అనుభవం

కంపెనీల చట్టం, 2013లోని 135వ సెక్షన్ ప్రకారం, ఏడాదికి 5 కోట్ల రూపాయలు లేదా అంతకు మించి నికర లాభం వచ్చిన కంపెనీ, అంతకు ముందు మూడేళ్ల సగటు లాభంలో కనీసం 2 శాతాన్ని సామాజిక బాధ్యతకు (సీఎస్‌ఆర్) వెచ్చించాలి. మాలాంటి చిన్న కంపెనీకి ఆ మొత్తం పది పన్నెండు లక్షలు దాటదు. విడిగా ఖర్చు పెట్టినన్నాళ్లూ అది బల్లలు, నోటు పుస్తకాల పంపిణీతోనే అయిపోయేది.

మా సంఘం తొమ్మిది కంపెనీల నిధులను కలిపి, పక్క ఊరి ఉన్నత పాఠశాలలో ఆడపిల్లలకు మరుగుదొడ్లు కట్టించి, నీటి శుద్ధి యంత్రం పెట్టించింది. అమలు చేసే సంస్థకు సీఎస్‌ఆర్-1 నమోదు (ఇలాంటి పనులు చేపట్టే సంస్థలు కేంద్ర ప్రభుత్వం వద్ద చేయించుకోవాల్సిన నమోదు) ఉందో లేదో ముందే సరిచూసింది. ఉమ్మడి పనిలోనూ ఏ కంపెనీకి ఆ కంపెనీ విడిగా నివేదించుకోవాలన్న నిబంధన ఉంది కనుక, ప్రతి బిల్లులో మా వాటా ఎంతో తేల్చి ఇచ్చింది. ఈ శ్రద్ధ నాకు ఎంతో నచ్చింది.

అయితే నిర్వహణలో సంఘం వెనకబడింది. జూలైలో నేను వెళ్లినప్పుడు ఫిల్టరు మార్చక కుళాయి నుంచి సన్నటి ధారే వస్తోంది. పిల్లలు ఇంటి నుంచి సీసాలు తెచ్చుకుంటున్నారు. చెప్పిన వారానికి బాగు చేయించారు గానీ, మూడేళ్ల నిర్వహణ ఖర్చును తొలి అంచనాలోనే చేర్చి ఉండాల్సింది.