కానుకల సంచిలో నాణెమా, ఇంట్లో డబ్బానా?

బిడ్డకు ఇవ్వడం నేర్పాలని, చర్చి ఆరాధనలో కానుకల సంచి దగ్గరికి రాగానే తన చేతిలో నాణెం పెట్టి వేయించడం చాలామంది చేసే పని. రెండేళ్ల బిడ్డకు అది సరదా. అమ్మానాన్నలు చేసేదే తనూ చేశానన్న సంబరం చిన్నదేమీ కాదు. కానీ ఆ డబ్బు తనది కాదు, సంచి ఎటు వెళ్లిందో తెలియదు. పైగా మూడేళ్లలోపు పిల్లలు నాణెం నోట్లో పెట్టుకుంటే గొంతులో అడ్డం పడవచ్చు, కనిపెట్టుకునే ఉండాలి.

రెండో దారి ఇంట్లో ఒక డబ్బా. వారమంతా బిడ్డే ఎంచుకున్నవి అందులో వేయించడం: తను గీసిన బొమ్మ, పొట్టిదైపోయిన గౌను, ఇప్పుడు ఆడుకోని బంతి. ఆదివారం ఆ డబ్బా తనే మోసుకెళ్తుంది. దారిలో "ఇది ఎవరికి?" అని అడుగుతుంది. అసలు పాఠం ఆ ప్రశ్న దగ్గరే మొదలవుతుంది. మార్కు సువార్త 12వ అధ్యాయంలో తనకున్నదంతా ఇచ్చేసిన బీద విధవరాలి రెండు కాసుల సంగతి అప్పుడు చెబితే మనసుకు అందుతుంది.

దీనికి ఓపిక కావాలి. ఇచ్చే వేళకి "నాది" అని ఏడ్చే రోజులూ ఉంటాయి. లాక్కోకండి, ఆ వారానికి వదిలేయండి. పౌలు కొరింథీయులకు రాసిన రెండో పత్రిక 9:7లో చెప్పింది సంతోషంగా ఇవ్వడం గురించే.

నేనైతే డబ్బా వైపే. నాణెం కాస్త పెద్దయ్యాక చేర్చుకోవచ్చు.