జాగ్రత్త: ‘అక్కా’ అని సినిమాలు చెప్పి, ‘ఆంటీ’ అని డబ్బులు నొక్కేసిన పిల్లి డీపీ గాడు

కోపం ఇంకా దిగలేదు, టైపింగ్‌లో తప్పులుంటే సర్దుకోండి. టెలిగ్రామ్‌లో సినిమా కబుర్ల గ్రూపుల్లో తిరిగేవాళ్ళకి వాడెవడో నేను చెప్పక్కర్లేదు, కళ్ళజోడు పెట్టుకున్న పిల్లి డీపీ, ఏ సినిమా గురించి అడిగినా రెండు లైన్లలో తేల్చేస్తాడు చూడండి, ఆ మహానుభావుడే. వాడి దగ్గర ఓటీటీ సబ్‌స్క్రిప్షన్ కొనకండి. ఇప్పటికే కొన్నవాళ్ళుంటే ముందు వెళ్ళి వాడితో చాట్ మొత్తం స్క్రీన్‌షాట్లు తీసుకుని అప్పుడొచ్చి మిగతాది చదవండి, ఎందుకో కింద చెప్తా.

గ్రూపులో నేను చేరి ఏడాది దాటింది. స్కూల్ నుంచి వచ్చి వంట చేసుకుంటూ ఎవరేం చూశారు, ఎలా ఉంది అని చదువుకోవడం నాకో కాలక్షేపం. అందరి అభిప్రాయాల్లోకీ వీడిదే నాకు కరెక్ట్‌గా సరిపోయేది. ‘మహారాజ’ గురించి అందరూ ట్విస్ట్ అలా ఇలా అని రాస్తుంటే వీడొక్కడే "అక్కా ఏమీ చదవొద్దు, ట్రైలర్ కూడా చూడొద్దు, చెత్తబుట్ట పోయిందని పోలీస్ స్టేషన్‌కి వెళ్తాడు అంతే, మిగతాది మీరే చూడండి" అన్నాడు. చూశాం, మతి పోయింది. ఆహాలో ‘35 చిన్న కథ కాదు’ పెట్టుకోమన్నదీ వీడే. నేను హైస్కూల్లో లెక్కలు చెప్తా, మా బాబుకేమో లెక్కలంటే జ్వరం. ఏ విలువా లేని సున్నా వచ్చి ఒకటి పక్కన నిలబడగానే తొమ్మిదికంటే పెద్దదెలా అయిపోతుందని ఆ పిల్లాడు అడుగుతాడు కదా, మావాడు సోఫాలోంచి లేచి "నేనూ అదే అడిగాను, నువ్వు చెప్పలేదు" అని నామీద పడ్డాడు. అందులో తల్లిగా చేసిన నివేతా థామస్‌ని చూసి మా ఇంట్లో నాకు మార్కులు తగ్గాయి. అలా వాడు చెప్పింది చెప్పినట్టు చూడటం, చూశాక నా అభిప్రాయం పేరాలు పేరాలు రాయడం, వాడు దాన్ని పిన్ చేయడం, నాకు ఒళ్ళు పొంగిపోవడం. నా తప్పు ఇక్కడే మొదలైంది. సినిమా టేస్ట్ బాగున్నవాడు మనిషి కూడా బాగుంటాడని ఎవరు చెప్పారు నాకు? ఎవరూ చెప్పలేదు, నేనే అనుకున్నా.

మేం అప్పటిదాకా మా మరిది అకౌంట్‌లో నెట్‌ఫ్లిక్స్ చూసేవాళ్ళం. ఒకే ఇంట్లో వాళ్ళే వాడాలన్న రూల్ మన దగ్గర 2023 జులైలోనే వచ్చింది, మాకు మాత్రం ఈమధ్యే తగిలింది. గ్రూపులో ఆ గోడు వెళ్ళబోసుకోగానే వీడు విడిగా మెసేజ్ పెట్టాడు. "అక్కా మీకు మాత్రమే చెప్తున్నా, నాలుగు ఓటీటీలు కలిపి ఏడాదికి 1,199." నాకు మాత్రమేనట. నెట్‌ఫ్లిక్స్ పెద్ద ప్లాన్ ఒక్కటే నెలకి 649, అంటే ఏడాదికి 7,788, పైగా ఇంకో మూడు ఓటీటీలు, ఇవన్నీ 1,199కి ఎలా ఇస్తాడు అని ఎనిమిదో తరగతి పిల్లలకి లాభనష్టాలు చెప్పే నాకు తట్టాలా వద్దా? తట్టింది. నలుగురైదుగురం పంచుకుంటాంలే అనుకున్నా. అలా పంచుకోవడం రూల్‌కి విరుద్ధమనీ తెలుసు, మనమేం సత్యహరిశ్చంద్రులం కాదు. ఫోన్‌పేలో నంబర్ కొడితే ఎవరో ఆడావిడ పేరు వచ్చింది. అడిగితే "అమ్మ అకౌంట్ అక్కా, నా లిమిట్ అయిపోయింది" అన్నాడు. ఆహా, కొడుకు సంపాదన తల్లి చేతిలో పెడుతున్నాడు, ఎంత మంచి పిల్లాడో అనుకుని పిన్ కొట్టేశా. నవ్వండి, పర్లేదు.

అక్కడితో ఆగితే 1,199తో పోయేది. మనకి మంచి సినిమా దొరికితే పదిమందికీ చెప్తాం కదా, అలాగే మంచి బేరం దొరికిందని మా తోడికోడలికి చెప్పా, స్టాఫ్‌రూమ్‌లో ఇద్దరు టీచర్లకి చెప్పా. నామీద నమ్మకంతో ముగ్గురూ కట్టారు. మొత్తం 4,796.

ఇరవై మూడు రోజులు నడిచింది. మధ్యమధ్యలో మీ టీవీ ఈ హౌస్‌హోల్డ్‌లో లేదు అని తెర మీద పడేది, అప్పుడు ఆ అకౌంట్ మెయిల్‌కి ఒక కోడ్ వెళ్తుంది, అది పదిహేను నిమిషాలే పనిచేస్తుంది, వాడు పంపాలి మనం కొట్టాలి. మొదట్లో రెండు నిమిషాల్లో "ఇదిగో అక్కా" అని పంపేవాడు. తర్వాత పది నిమిషాలు. తర్వాత గడువైపోయిన కోడ్ పంపి "మీరే లేట్ చేశారు" అనడం. ఇంట్లో కూర్చుని సినిమా చూడ్డానికి ఎవడినో బతిమాలుకునే గతి ఏంటి అని మా ఆయన రెండో వారంలోనే అన్నారు, నేనే వాణ్ణి వెనకేసుకొచ్చా.

ఇక మొన్న శనివారం. శుక్రవారం రాత్రి మా అత్తగారితో కలిసి ‘కోర్ట్’ సగం చూశాం. ఆవిడ ఏ సినిమాకీ అరగంట కూర్చోరు, అలాంటిది శివాజీ మంగపతిగా కనపడినప్పుడల్లా "వీడి నోరు పడిపోను" అని తిడుతూ కదలకుండా చూశారు. నిద్ర టైమ్ అయిపోయిందని ఆపి, మిగతాది శనివారం అన్నాం. శనివారం ఎనిమిదింటికల్లా ఆవిడ మాత్రలు కూడా వేసేసుకుని కుర్చీ టీవీ ముందుకి లాక్కుని రెడీ. టీవీ ఆన్ చేస్తే హౌస్‌హోల్డ్ మెసేజ్. 8.40కి కోడ్ పంపు తమ్ముడూ అని పెట్టా. చూసినట్టు రెండు టిక్కులు పడ్డాయి, జవాబు లేదు. 8.50కి ఇంకోటి. 9 గంటలకి కాల్ చేశా, కట్ చేశాడు. వాడు ఆన్‌లైన్‌లోనే ఉన్నాడండీ. 9.10కి గ్రూపులో ఏదో కొత్త సినిమా గురించి "ఫస్టాఫ్ కొంచెం ల్యాగ్, సెకండాఫ్ పైసా వసూల్" అని రాశాడు. నా పైసలు వసూలైపోయాయి కాబట్టి రాస్తాడు మరి! నాకు మండిపోయి దాని కిందే, గ్రూపులో అందరి ముందూ, "తమ్ముడూ, అరగంట నుంచి కోడ్ అడుగుతున్నా, కొంచెం చూడు" అని పెట్టా. అంతే, మర్యాదగానే పెట్టా, తిట్టలేదు.

విడిగా వచ్చి ఏం రాశాడో తెలుసా. ఉన్నదున్నట్టు గుర్తుంది, జన్మలో మర్చిపోను.

"ఆంటీ, గ్రూపులో అడుక్కోవడం ఏంటి. 1,199కి ఇంకేం కావాలి, హీరో మీ ఇంటికొచ్చి డైలాగ్ చెప్పాలా? డబ్బులుంటే సొంతంగా కొనుక్కోండి."

ఆంటీ. ఏడాదిగా అక్కా. "అక్కా మీ రివ్యూ కోసమే వెయిటింగ్", "అక్కా మీరు చెప్తే ఓకే", కోడ్ అడగ్గానే ఆంటీ. నాకు నలభై మూడు, ఆంటీనే, ఒప్పుకుంటా, కాలనీ పిల్లలందరూ అదే పిలుస్తారు, నాకేం బాధ లేదు. కానీ ఆ ఒక్క మాటలో వాడు తలుపు మూసేసిన చప్పుడు వినపడింది నాకు. ఆ అడుక్కోవడం అన్న మాట ఇంకా గొంతులో ముల్లులా ఉంది. నా డబ్బు, నా ఇల్లు, నా టీవీ, అడుక్కోవడం నేను! వెనక నుంచి మా అత్తగారు "ఏమ్మా, ఇంకా రాలేదా" అంటున్నారు, నేను ఫోన్ పట్టుకుని అలా నిలబడిపోయా. జవాబు టైప్ చేస్తుండగానే, "నువ్వు అన్నం తిన్నావా రా" అని ఏదో టీచర్ బుద్ధితో మొదలెట్టా, కళ్ళముందే చాట్ మొత్తం మాయం. టెలిగ్రామ్‌లో అదో సౌకర్యం, వాడు డిలీట్ కొడితే నా వైపు కూడా పోతుంది. గ్రూపులోంచి కూడా తీసేశాడు. పిల్లి డీపీ పోయి ఖాళీ గుండ్రం మిగిలింది. నా దగ్గర ఇప్పుడున్నది ఫోన్‌పేలో ఆ ఆడావిడ పేరు, ట్రాన్సాక్షన్ నంబరు, అంతే.

ఇది చాలదన్నట్టు ఆదివారం మా తోడికోడలు ఒక ఫోటో ఫార్వర్డ్ చేసింది, ఇంకేదో గ్రూపులో వాడు పెట్టిన ప్రకటన. పైన "మా కస్టమర్ల మాట" అని, కింద నా మెసేజ్! "తమ్ముడూ, రాత్రి పూర్తిచేశాం. మా ఆయన కూడా కళ్ళు తుడుచుకున్నారు. ఇలాంటిది ఇచ్చినందుకు థ్యాంక్స్, నీ మాట నమ్మొచ్చు." అది నేను ‘సత్యం సుందరం’ చూశాక రాసింది! సినిమా పేరున్న లైన్ కత్తిరించేసి, నా కన్నీళ్ళు తీసుకెళ్ళి వాడి సరుకుకి అతికించుకున్నాడు. వాడి సబ్‌స్క్రిప్షన్ చూసి మా ఆయన ఏడ్చారని జనం అనుకోవాలి కాబోలు. ఏడ్చే పరిస్థితే లెండి. ఆ సినిమాలో అరవింద్ స్వామికి ఎదుటివాడి పేరు గుర్తురాక సినిమా అంతా నలిగిపోతాడు. నేను ఏడాదిపాటు తమ్ముడూ తమ్ముడూ అని తిరిగిన వాడి పేరేంటో నాకు ఈరోజుకీ తెలీదు, ఒక్కసారి కూడా నలగలేదు.

ఆ ముగ్గురి డబ్బులూ నేనే ఇచ్చేశా. టీచర్లిద్దరూ వద్దన్నారు, బలవంతంగా కొట్టా. మా తోడికోడలు వద్దనలేదు, అది వేరే కథ.

బ్యాంక్‌కి వెళ్తే "మీరే పిన్ కొట్టారు కదా మేడమ్" అన్నారు. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి చెప్పా, సైబర్‌క్రైమ్ పోర్టల్‌లో కూడా పెట్టా. పెడుతుంటే మా ఆయన వెనక నుంచి "‘మహారాజ’లోలా చెత్తబుట్ట పేరు లక్ష్మి అని రాయి" అన్నారు. ఇంట్లో కూడా శత్రువులే. రెండ్రోజులు ఆలస్యం చేశారు, వెంటనే చెప్తే డబ్బు ఆపే ఛాన్స్ ఉండేదన్నారు అక్కడ. నేనేమో ఆ రెండ్రోజులూ వాడు మనసు మార్చుకుని అక్కా అంటాడేమో అని చూస్తూ కూర్చున్నా.

ఇంకోటి, నిన్న వేరే ఐడీ నుంచి "రీఫండ్ టీమ్" అని మెసేజ్ వచ్చింది, క్యూఆర్ కోడ్ పంపి స్కాన్ చేసి పిన్ కొట్టమని. డబ్బు మనకి రావడానికి పిన్ అక్కర్లేదండీ, మన దగ్గర్నుంచి పోవడానికే పిన్. ఈసారి మాత్రం నా బుర్ర పనిచేసింది. మీకూ ఇలాంటిది వస్తే కొట్టకండి. ఎవరి దగ్గర ఏం కొన్నా చాట్ అప్పటికప్పుడు స్క్రీన్‌షాట్ తీసుకోండి, యూపీఐలో వేరే పేరు కనపడితే అక్కడే ఆగిపోండి, మోసపోతే గంటల్లోనే 1930. సినిమా కబుర్లు చెప్పుకోండి, బోలెడు చెప్పుకోండి, కబుర్లు చెప్పినవాడికి డబ్బులు మాత్రం కొట్టకండి.

రాత్రి కూర్చుని లెక్కేశా. నెట్‌ఫ్లిక్స్‌లో నెలకి 199ది టీవీలో కూడా వస్తుంది, ఏడాదికి 2,388. నేను పోగొట్టుకున్న 4,796తో రెండేళ్ళు దర్జాగా చూసుకుని, పైన ఇరవై రూపాయలకి బజ్జీలు కూడా తెప్పించుకునేదాన్ని. లెక్కల టీచర్‌ని మరి. పేపర్ దిద్దితే నాకు 35 కూడా రావు.

పొద్దున లేవగానే మా అత్తగారు "‘కోర్ట్’లో ఆ కుర్రాడు జైల్లోంచి బయటికొచ్చాడా లేదా" అని అడిగారు. ఆ 199ది ఇందాకే తీసుకున్నా, సొంత పేరు మీద, సొంత మెయిల్‌తో. ఈ రాత్రికి మిగతా సగం చూస్తాం. చూసేసినవాళ్ళు దయచేసి ముందే చెప్పేయకండి.