పంటు రేకు మీద తేలిపోయిన బేరం

బావగారి జర్మన్ సెడాన్ నేను కొనాలా వద్దా అని మూడు నెలలుగా మా ఇంట్లో నలుగుతోంది. 2013 మోడల్, రెండు లీటర్ల డీజిల్ ఇంజన్, లెదర్ సీట్లు, తలుపు వేస్తే బీరువా మూసినట్టు బరువైన చప్పుడు. "నువ్వు కాబట్టి తొమ్మిది లక్షలోయ్" అన్నారు. ఆ డబ్బుకి మా తమ్ముడు కొన్నలాంటి కొత్త చిన్న ఎస్‌యూవీలో కింది వేరియంట్ వచ్చేస్తుంది. నాలుగు మీటర్ల లోపు పొడవు, 1200 సీసీ లోపు ఇంజన్ ఉన్న పెట్రోల్ కార్లకు 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ 18 శాతానికి దిగగానే వాడు బుక్ చేసుకున్నాడు. అంతర్వేది మొక్కు ఎలాగూ ఉంది కదా, రెండు బళ్ళూ వేసుకెళ్ళి తేల్చుకుందాం అనుకున్నాం.

హైదరాబాద్ నుంచి రావులపాలెం దాకా సెడాన్‌కి తిరుగులేదు. వంద మీద పోతుంటే అమ్మ వెనక సీట్లో గుర్రుపెట్టి నిద్రపోయింది. తమ్ముడి బండిలో వెనక ముగ్గురు ఇరుక్కుని కూర్చున్నారు. ఏలూరు దగ్గర టీకి ఆగితే మా ఆవిడ "నేను ఆ కారులోకి వస్తా" అనేసింది. అక్కడికి నా మనసులో బేరం కుదిరిపోయినట్టే.

కోనసీమలో కాలువ గట్ల రోడ్లు ఎక్కాక బావగారి మాటలు తగ్గాయి. ఒక పక్క కాలువ, ఇంకో పక్క ఇళ్ళు, ఎదురుగా కొబ్బరికాయల లారీ. తమ్ముడు చక్రం మట్టిలోకి దించి దారి ఇచ్చేవాడు. బావగారు మాత్రం అంచు దగ్గర గుంట ఎంత లోతుందో చూసి రమ్మని నన్ను దింపేవారు. అమలాపురంలో అమ్మ కూడా బండి మారింది. సెడాన్‌లోంచి లేవాలంటే మోకాళ్ళు పట్టేస్తున్నాయట, ఎస్‌యూవీలో అయితే కుర్చీలోంచి లేచినట్టే ఉందట.

దిండిలో దిగిన లాడ్జి గురించి రెండు ముక్కలు. ఏసీ గది 2,800. పొద్దున వేడి నీళ్ళు బకెట్లో తెచ్చి బకెట్‌కి 30 వేశారు. గోదావరి కనిపిస్తుందన్న కిటికీలోంచి జనరేటర్ కనిపించింది. పార్కింగ్ కొబ్బరి చెట్ల కింద. "కాయ పడితే మాకు సంబంధం లేదండి" అన్నాడు మేనేజర్. రాత్రంతా ఎక్కడ చప్పుడైనా బావగారు లేచి కిటికీ దగ్గరకు వెళ్ళడమే. తీరా చూస్తే రెండు బళ్ళ మీదా ఒక్క కాయా పడలేదు.

అంతర్వేది దర్శనం హాయిగా అయింది. తిరుగు ప్రయాణంలో చించినాడ వంతెన మీద పోతే గొడవే లేదు. పిల్లలేమో పంటు, అదే బళ్ళనీ మనుషుల్నీ గోదావరి దాటించే పడవ, ఎక్కాలన్నారు. సఖినేటిపల్లి రేవుకి వెళ్ళేసరికి గోదావరి పాటు మీద ఉంది. నీరు దిగిపోయి, గట్టు మీంచి పంటుకి వేసిన ఇనుప రేకు బాగా వాలుగా ఉంది. తమ్ముడు ఫస్ట్ గేర్‌లో దించి ఎక్కించేశాడు. వాడి బండికి నేలకీ మధ్య 19 సెంటీమీటర్ల పైనే ఖాళీ.

సెడాన్‌ని చూసి పంటు మీద కుర్రాడు "ఆయ్, అందరూ దిగిపోండి, కింద తగులుద్దండి" అన్నాడు. దిగాం. ముందు చక్రాలు రేకు మీదకు వెళ్ళాయి. వెనక చక్రాలు ఇంకా గట్టు మీదే ఉన్నాయి. పొడుగు బండి కదా, నడుం సరిగ్గా గట్టు అంచు మీద ఆనింది. కర్‌ర్‌మని చప్పుడు. అక్క చెవులు మూసుకుంది. వెనక బైకుల వాళ్ళు హారన్లు. నలుగురు పట్టి చక్రాల కింద చెక్కలు తోస్తే ఎలాగో ఎక్కింది. వంగి చూస్తే ఇంజన్ కింద ప్లాస్టిక్ కవచం సగం ఊడి వేలాడుతోంది. ఆ కుర్రాడే నడుముకున్న కొబ్బరి తాడు తీసి రెండు మెలికలు వేసి బిగించాడు. వంద ఇస్తే యాభై చాలన్నాడు. ఈ ప్రయాణంలో డబ్బు తక్కువ తీసుకున్నది అతనొక్కడే.

నరసాపురంలో మెకానిక్ తాడు చూసి, "దీన్ని ముట్టుకోకండి, ఊళ్ళో క్లిప్పులు దొరకవు" అన్నాడు. హైదరాబాద్‌లో కొత్త కవచానికి 14,500 చెప్పారు. డీజిల్ లెక్కలో మాత్రం ముసలిదే నెగ్గింది: దానికి 6,430, తమ్ముడి పెట్రోల్‌కి 8,150. కానీ పదిహేనేళ్ళు నిండి 2028లో రిజిస్ట్రేషన్ రెన్యూవల్, ఫిట్‌నెస్ అంటూ తిరగాల్సింది నేనే కదా. రోజూ హైవే మీదే తిరిగేవాళ్ళు, ఇంట్లో మోకాళ్ళ నొప్పులు లేనివాళ్ళు కళ్ళుమూసుకుని కొనుక్కోవచ్చు. మా ఊరు కోనసీమ. ఏడాదికి నాలుగుసార్లు వెళ్తాం.

నిన్న బావగారు ఫోన్ చేసి ఏడున్నర లక్షలకి దిగారు. నేను నీళ్ళు నములుతుంటే అమ్మ ఫోన్ లాక్కుంది.

"ముందు ఆ తాడు విప్పించండి అల్లుడుగారూ" అంది.