పెన్సిల్వేనియాలో ఉన్న నాన్నలూ, ‘బ్రదర్‌హుడ్’ క్లబ్ మెంబర్‌షిప్ కొనే ముందు ఇది చదవండి

ఫిలడెల్ఫియా చుట్టుపక్కల ఉంటున్న మన తెలుగువాళ్ళకి, ముఖ్యంగా ఎదిగే కొడుకులున్న నాన్నలకి ఇది రాస్తున్నాను. మగవాళ్ళ ఫెలోషిప్ క్లబ్ పేరుతో ఇక్కడ ఒక మెంబర్‌షిప్ ప్యాకేజీ అమ్ముతున్నారు. సమాజ సేవ, పిల్లలకి మెంటరింగ్, అమెరికా స్వాతంత్ర్య చరిత్ర, మూడూ ఒకే చోట దొరుకుతాయంటారు. నేను 935 డాలర్లు కట్టాను. అందులో మూడో వంతు తిరిగొచ్చింది. మిగతాది పోయినట్టే. డబ్బు పోతే పోయింది, మళ్ళీ సంపాదించుకోవచ్చు. మా 14 ఏళ్ళ అబ్బాయిని ముందూ వెనకా ఏమీ కనుక్కోకుండా ఒక కొత్త మనిషి చేతిలో పెట్టారు చూడండి, అది మాత్రం నాకు ఇప్పటికీ మింగుడు పడట్లేదు.

క్లబ్ పేరు రాయట్లేదు. ఫిర్యాదు ఇచ్చాను, అది ఇంకా విచారణలో ఉంది. గుర్తులు చెప్తాను, మీకు అలాంటిది తగిలితే పోల్చుకోండి.

మార్చిలో ఒక శనివారం పొద్దున హోటల్ కాన్ఫరెన్స్ రూమ్‌లో మీటింగ్ అన్నారు. 1776 జూలై 4 స్వాతంత్ర్య ప్రకటనకి 250 ఏళ్ళు నిండే సందర్భం కదా, ఎక్కడ చూసినా చరిత్ర కార్యక్రమాలే. ఇదీ అలాంటిదే అనుకుని వెళ్ళాను. ఇక్కడికొచ్చి ఆరేళ్ళయింది. ఆఫీసులో పలకరింపులే తప్ప మనసు విప్పి మాట్లాడుకునే స్నేహితులు లేరు. మావాడు ఇక్కడే పెరుగుతున్నాడు, వాడు పెరిగే ఊరి చరిత్ర వాడితోపాటు నేనూ తెలుసుకోవాలని నిజంగానే ఉండేది. ఆ గదిలో నలభై మంది మగవాళ్ళు ఒకరినొకరు ‘బ్రదర్’ అని పిలుచుకుంటూ, భుజం మీద చెయ్యేసి మాట్లాడుతుంటే నాకు చాలా బాగా అనిపించింది. ఆ మాట దాచుకోవాల్సిన పనిలేదు.

‘బ్రదర్స్ మాత్రమే’ అని ఆహ్వానంలోనే రాశారు. మగవాళ్ళ క్లబ్ కాబట్టి అది సహజమే అనుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే, సంతకం ఆ రోజే పెట్టాలన్నప్పుడు నా పక్కన మా ఆవిడ ఉండి ఉంటే కథ ఇంకోలా ఉండేది. ఇంట్లో అడిగి చెప్తానంటే, “మంచి పనికి కూడా పర్మిషన్ కావాలా బ్రదర్?” అని నవ్వారు. చుట్టూ ఉన్నవాళ్ళు కూడా నవ్వారు. ఆ నవ్వుకే నేను సంతకం పెట్టేశాను. మగవాళ్ళు మాత్రమే కలుసుకునే క్లబ్బుల్లో తప్పేం లేదు. కానీ డబ్బు కట్టే కాగితం ఇంటికి తీసుకెళ్ళనివ్వని చోట మాత్రం లేచి వచ్చేయండి.

కట్టిన లెక్క ఇది. జీవితకాల సభ్యత్వం 450. మెంటర్‌గా ‘బ్యాక్‌గ్రౌండ్ చెక్’ 75. ఫ్రేమ్ కట్టిన స్వాతంత్ర్య ప్రకటన ప్రతి 240. నాకూ మావాడికీ ఫిలడెల్ఫియా చరిత్ర యాత్ర, మనిషికి 85 చొప్పున 170. సభ్యత్వం డబ్బు జెల్‌లో (Zelle, ఒక బ్యాంకు ఖాతా నుంచి ఇంకో ఖాతాకి నేరుగా డబ్బు పంపే పద్ధతి) పంపమన్నారు, మిగతాది కార్డు మీద తీసుకున్నారు. ఈ తేడా గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దాని దగ్గరికి వస్తాను.

సిటిజన్‌షిప్ ఇంటర్వ్యూకి ఈ సభ్యత్వం చాలా పనికొస్తుందని కూడా చెప్పారు. గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళు నాతోపాటు ఐదారుగురు అక్కడ ఉన్నారు, ఆ మాటకే చాలామంది చెయ్యెత్తారు. పచ్చి అబద్ధం. సిటిజన్‌షిప్‌కి ఏ క్లబ్బులోనూ చేరక్కర్లేదు. చరిత్ర, ప్రభుత్వం గురించి అడిగే ప్రశ్నలు, జవాబులు సిటిజన్‌షిప్ ఇచ్చే ప్రభుత్వ సంస్థ యూఎస్‌సీఐఎస్ సైట్‌లో ఉచితంగా ఉన్నాయి.

ఏప్రిల్‌లో యాత్రకి తీసుకెళ్ళారు. స్వాతంత్ర్య ప్రకటనని ఆమోదించిన ఇండిపెండెన్స్ హాల్, అక్కడి పాత గంట లిబర్టీ బెల్, తర్వాత వాషింగ్టన్ సైన్యం చలికాలం గడిపిన వ్యాలీ ఫోర్జ్. మావాడు ఫోన్‌లో చూసి చెప్పాడు: “నాన్నా, ఇండిపెండెన్స్ హాల్ టికెట్‌కి రిజర్వేషన్ ఫీజు ఒక డాలరే. లిబర్టీ బెల్‌కి అసలు టికెట్టే లేదు.” వ్యాలీ ఫోర్జ్ పార్కు ప్రవేశం కూడా ఉచితమే. ఎవరి కార్లలో వాళ్ళం వెళ్ళాం, భోజనం ఎవరిది వాళ్ళు కొనుక్కున్నాం. మరి 85 డాలర్లు దేనికి? గైడ్‌కి అన్నారు. ఇండిపెండెన్స్ హాల్ లోపల చూపించి వివరించింది నేషనల్ పార్క్ రేంజర్. ఆమె ఎంత చక్కగా చెప్పిందో! ఆ జీతం ఇచ్చేది ప్రభుత్వం, ఈ క్లబ్ కాదు.

చరిత్ర విషయంలో కూడా నాకు బాధ ఉంది. క్లబ్‌వాళ్ళు చెప్పిన చరిత్ర క్లాసులో, 1776 జూలై 4న అందరూ వరసగా నిలబడి సంతకాలు పెట్టారని చెప్పారు. ఆ రోజు ప్రకటనని ఆమోదించారు. ఎక్కువమంది సంతకాలు పెట్టింది ఆగస్టు 2న. అమెరికా మొదటి జెండాని ఫిలడెల్ఫియాలో కుట్టుపని చేసే బెట్సీ రాస్ కుట్టిందనే కథని కూడా రుజువైన చరిత్రలా చెప్పారు. ఆ కథని బయటపెట్టింది ఆమె మనవడు విలియం కాన్బీ, అది కూడా 1870లో, ఆ సంఘటన జరిగిందంటున్న కాలానికి దాదాపు వందేళ్ళ తర్వాత. అప్పటి కాగితాల్లో దానికి ఆధారం దొరకలేదు. మావాడు చెయ్యెత్తి ఆగస్టు 2 సంగతి అడిగితే, “దేశభక్తి ఉన్నవాళ్ళు ఇలాంటి ప్రశ్నలు వెయ్యరు” అన్నారు. వాడు దారంతా మాట్లాడలేదు. పిల్లాడి ప్రశ్నకి జవాబు తెలియకపోతే తప్పు కాదు. వాడు ప్రశ్న వేసినందుకు తలదించుకునేలా చేశారు చూడండి, అప్పుడే నేను బయటికి వచ్చేయాల్సింది.

240 డాలర్ల ఫ్రేమ్ గురించి కూడా చెప్పాలి. ‘అసలు ముద్రణ నుంచి తీసిన అరుదైన ప్రతి’ అని అమ్మారు. అసలు పత్రం అప్పటికే వెలిసిపోతోందని, 1820లో అప్పటి విదేశాంగ మంత్రి జాన్ క్విన్సీ ఆడమ్స్ విలియం స్టోన్ అనే చెక్కుడు పనివాడికి నకలు తీసే పని ఇచ్చారు. అది 1823కి పూర్తయింది, 200 ప్రతులు తీశారు. మనం పుస్తకాల్లో, గోడల మీద చూసే స్పష్టమైన స్వాతంత్ర్య ప్రకటన బొమ్మ ఎక్కువగా ఆ స్టోన్ ముద్రణదే. ఆ బొమ్మని నేషనల్ ఆర్కైవ్స్ సైట్ నుంచి ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు. నాకు వచ్చింది టీ రంగు కాగితం మీద మామూలు ప్రింటర్‌లో తీసిందే. ఫ్రేమ్ వెనక అట్ట ఊడదీస్తే కాగితం అంచున ప్రింటర్ గీతలు కనిపించాయి.

ఇక అసలు విషయం.

నన్ను ఇద్దరు అబ్బాయిలకి మెంటర్‌ని చేశారు. మావాడికి ఇంకో మెంటర్‌ని ఇచ్చారు. వాళ్ళిద్దరూ వారానికోసారి కలిసేవాళ్ళు, రెండుసార్లు ఆయన తన కారులో ఒంటరిగా వాణ్ణి ఇంటి దగ్గర దింపాడు. బ్యాక్‌గ్రౌండ్ చెక్‌కి డబ్బు తీసుకున్నారు కదా, అందరికీ అయ్యే ఉంటుంది అనుకున్నాను. మే నెలలో మా ఆవిడ స్కూల్ లైబ్రరీలో వాలంటీర్‌గా చేరుతుంటే స్కూలువాళ్ళు కావాల్సిన క్లియరెన్సుల లిస్టు ఇచ్చారు. అది చదివి నన్ను ఒకటే అడిగింది: “మీ వేలిముద్రలు ఎప్పుడు తీసుకున్నారు?”

ఎవరూ తీసుకోలేదు. నా పుట్టిన తేదీ కూడా సరిగ్గా అడగలేదు.

పెన్సిల్వేనియా చట్టం ప్రకారం పిల్లలతో నేరుగా పనిచేసే వాలంటీర్లకి రెండు క్లియరెన్సులు ఉండాలి: ఒకటి స్టేట్ పోలీస్ నేర చరిత్ర తనిఖీ, రెండోది చైల్డ్ అబ్యూస్ హిస్టరీ క్లియరెన్స్. గత 10 ఏళ్ళూ వరసగా ఈ రాష్ట్రంలో ఉండనివాళ్ళకి వీటితోపాటు ఎఫ్‌బీఐ వేలిముద్రల తనిఖీ కూడా కావాలి. నేను ఆరేళ్ళ క్రితం వచ్చినవాణ్ణి, నాకు మూడూ ఉండాలి. పైగా మొదటి రెండూ వాలంటీర్లకి ఉచితం, వేలిముద్రలకి మాత్రమే ఖర్చవుతుంది. ఉచితంగా వచ్చేదానికి 75 డాలర్లు తీసుకుని, ఆ పని కూడా చెయ్యలేదు. నా ఫలితం కాగితం చూపించమంటే, “అవి గోప్యం” అన్నారు. నా క్లియరెన్స్ నాకే గోప్యమట. నన్నే చూడనివాళ్ళు మావాడి మెంటర్‌ని చూసి ఉంటారా?

ఆ రాత్రి మావాడి పక్కన కూర్చుని మెల్లగా అన్నీ అడిగాను. ఏ తప్పూ జరగలేదు, ఆయన మంచివాడే అని చెప్పాడు. అయినా ఆ గంటసేపు నాకు పట్టిన టెన్షన్ ఏ తండ్రికీ వద్దు. నేను చూస్తున్న ఇద్దరు అబ్బాయిల అమ్మలకి మర్నాడే ఫోన్ చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఒకావిడ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

సంస్థ గురించి ఆ తర్వాత వెతికాను. విరాళానికి ట్యాక్స్ మినహాయింపు వస్తుందన్నారు. ఐఆర్‌ఎస్ (అమెరికా ఆదాయపు పన్ను శాఖ) సైట్‌లో ట్యాక్స్ మినహాయింపు ఉన్న సంస్థల్ని వెతికే పేజీ ఉంది, పేరు కొడితే అరనిమిషంలో తెలుస్తుంది. వీళ్ళ పేరు అందులో లేదు. ఒక సంగతి కూడా తెలుసుకోండి: లాభాపేక్ష లేని సంస్థ అన్నంత మాత్రాన మినహాయింపు వచ్చెయ్యదు. పన్ను చట్టంలో 501(సి)(3) అనే సెక్షన్ కింద ఉన్న సేవాసంస్థలకిచ్చే విరాళం ఒక లెక్క, 501(సి)(7) కింద ఉన్న సోషల్ క్లబ్‌కి కట్టే డబ్బు ఇంకో లెక్క, దానికి మినహాయింపు లేదు. 250 డాలర్లు, ఆపైన ఇచ్చే విరాళానికి సంస్థ నుంచి రాతపూర్వక రసీదు ఉండాలి. నాకు ఇచ్చింది ఒక టెక్స్ట్ మెసేజ్.

డబ్బు సంగతి. కార్డు కంపెనీకి ఉత్తరం రాశాను. బిల్లింగ్ తప్పుల మీద, మొదటి స్టేట్‌మెంట్ పంపిన 60 రోజుల్లోపు రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పే హక్కు ఉంది. నేను 50వ రోజు దాటాక పంపాను, కొంచెం ఉంటే ఆ గడువు కూడా పోయేది. ఫ్రేమ్ 240, చెయ్యని బ్యాక్‌గ్రౌండ్ చెక్ 75, మొత్తం 315 వచ్చాయి. యాత్ర జరిగింది కాబట్టి 170 రాలేదు. జెల్‌లో పంపిన 450కి బ్యాంకు, మీ అంతట మీరే పంపారు కాబట్టి మేమేం చెయ్యలేమంది. చెక్‌లో, కార్డులో తీసుకోకుండా జెల్‌లోనే పంపమనడం ఎందుకో అప్పుడు అర్థమైంది.

ఇంకో హక్కు ఉందని నాకు ఆలస్యంగా తెలిసింది. హోటల్ గదిలాంటి తాత్కాలిక చోట 130 డాలర్లు, ఆపైన వస్తువులో సేవలో అమ్మితే, వినియోగదారుల రక్షణ చూసే ఫెడరల్ సంస్థ ఎఫ్‌టీసీ నియమం ప్రకారం చాలా కొనుగోళ్ళని మూడు పనిదినాల్లో రద్దు చేసుకోవచ్చు. అమ్మేవాడు ఆ సంగతి నోటితో చెప్పాలి, రద్దు ఫారం రెండు ప్రతులు ఇవ్వాలి. శనివారం కూడా పనిదినమే. ఆదివారాలు, ఫెడరల్ సెలవులు లెక్కలోకి రావు. మాకు చెప్పనూ లేదు, ఫారం ఇవ్వనూ లేదు.

ఇదంతా చదివి క్లబ్బులన్నీ ఇంతే అనుకోకండి. ఇప్పుడు పక్క టౌన్‌లో ఒక పాత సర్వీస్ క్లబ్‌కి వెళ్తున్నాను. మూడు మీటింగులకి అతిథిగా కూర్చోబెట్టారు, ఒక్క డాలర్ అడగలేదు. ప్రతి మీటింగ్‌లో ట్రెజరర్ ఖాతా చదివి వినిపిస్తాడు. పిల్లల కార్యక్రమంలోకి రావాలంటే ముందు క్లియరెన్సులు పట్టుకురండి అన్నారు, తెచ్చేదాకా లోపలికి రానివ్వలేదు. ఆ కఠినత్వం నాకు ఎంతో ధైర్యాన్నిచ్చింది. అక్కడ ఒక పెద్దాయన ఒక పాత సంగతి చెప్పారు. ఇప్పుడు ప్రపంచమంతా పేరున్న కివానిస్ అనే సర్వీస్ క్లబ్ కూడా 1915లో డెట్రాయిట్‌లో మొదలైనప్పుడు, దాన్ని పెట్టిన అలెన్ బ్రౌన్‌కి చేరిన ప్రతి సభ్యుడి రుసుములోనూ వాటా వెళ్ళేదట. 1919లో సభ్యులే చందాలేసుకుని 17,500 డాలర్లిచ్చి ఆయన దగ్గర్నుంచి క్లబ్‌ని కొనుక్కున్నారు. అందుకే ఇప్పుడు ఏ క్లబ్‌లోనైనా నేను మొదట అడిగేది, నా చందా ఎవరి ఖాతాలోకి వెళ్తుంది అని.

మన వాట్సాప్ గ్రూపుల్లో ఈ క్లబ్ ఆహ్వానం ఇంకా తిరుగుతోంది. నా ద్వారా చేరినవాళ్ళు ఇద్దరున్నారు, వాళ్ళకి విడిగా ఫోన్ చేసి క్షమాపణ చెప్పాను. రాష్ట్ర అటార్నీ జనరల్ ఆఫీసుకి నా ఫిర్యాదు వెళ్ళింది. మీరు కూడా కట్టి ఉంటే మీ కాగితాలు పారెయ్యకండి. కార్డు మీద కట్టినవాళ్ళు స్టేట్‌మెంట్ తేదీ ఈరోజే చూసుకోండి. మీ అబ్బాయికి అక్కడ మెంటర్ ఉంటే, వచ్చే వారం పంపే ముందు ఆయన క్లియరెన్సులు అడగండి. చూపించకపోతే పంపకండి.