యాప్ సిఫారసా, అవార్డుల లిస్టా?

వేరే దేశాల సినిమాలు, పుస్తకాలు వెతుక్కోవాలంటే యాప్ చాలా తేలిక. కానీ ఒక్క కొరియన్ థ్రిల్లర్ చూస్తే ఇక వరసగా అవే చూపిస్తుంది. సెనెగల్, ఇరాన్ సినిమాలు కంటికే ఆనవు.

అవార్డుల లిస్టులు అలా కాదు. ఇంటర్నేషనల్ బుకర్‌నే తీసుకోండి. 2016 నుంచి ఏటా ఇంగ్లీషులోకి అనువాదమైన ఒక పుస్తకానికి ఇస్తున్నారు. 50,000 పౌండ్లు రచయితకీ అనువాదకులకీ చెరిసగం. నాకు బాగా నచ్చేది ఇదే. అనువాదకుల పేరు పట్టుకుని వెళితే వాళ్లు చేసిన మిగతా పుస్తకాలూ దొరుకుతాయి. గెలిచిన పుస్తకం దగ్గరే ఆగిపోకుండా లాంగ్‌లిస్ట్ (మొదటి వడపోతలో ఎంపికైన పుస్తకాల జాబితా) మొత్తం చూడండి, అసలు సరుకు అక్కడుంటుంది.

సంగీతానికి మాత్రం యాపే మేలు. పాట నచ్చకపోతే పోయేది మూడు నాలుగు నిమిషాలే. జర్నలిజానికి ఈ రెండూ చాలవు, ఆ దేశపు పత్రికలనే నేరుగా చదవాలి.