పోస్ట్‌గ్రెస్ స్టాండ్‌బైని ఏళ్ల తరబడి కనిపెట్టుకుని ఉన్నాక...

పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో రెప్లికేషన్, అంటే అసలు సర్వర్ (ప్రైమరీ)లోని మార్పులు దాని నకలు సర్వర్ (స్టాండ్‌బై)కి చేరడం, సరిగా నడుస్తోందో లేదో చూసుకోవడానికి వేరే టూల్ కొనక్కర్లేదు. కావలసినవన్నీ డేటాబేస్‌లోనే ఉన్నాయి. చాలా ఏళ్లుగా నేను వాటితోనే నెట్టుకొస్తున్నాను, మారే ఆలోచన కూడా లేదు. కాకపోతే అవి చూపించేదాన్ని చదవడం తెలిసి ఉండాలి.

ప్రైమరీలో పీజీ_స్టాట్_రెప్లికేషన్ వ్యూ చూస్తే కనెక్ట్ అయి ఉన్న ప్రతి స్టాండ్‌బైకీ ఒక వరుస వస్తుంది. స్టేట్ దగ్గర 'స్ట్రీమింగ్' అని ఉండాలి. మార్పుల చిట్టా (వాల్) ఎంతవరకు పంపింది, అవతల డిస్కుకి ఎంతవరకు చేరింది, ఎంతవరకు అప్లై అయింది, అన్నీ విడివిడిగా కనిపిస్తాయి. 2017లో వచ్చిన 10వ వెర్షన్ నుంచి ఆలస్యాన్ని సమయం రూపంలో కూడా ఇస్తోంది. నాకు బాగా నచ్చింది ఇదే: జాప్యం నెట్‌వర్క్‌లో ఉందా, స్టాండ్‌బై డిస్కులో ఉందా అన్నది అక్కడికక్కడే తేలిపోతుంది.

అసలు చిక్కు ఏమిటంటే, స్టాండ్‌బై తెగిపోతే ఆ వరుసే ఉండదు. 'ఆలస్యం 60 సెకన్లు దాటితే అలర్ట్' అని పెట్టుకున్న రూల్‌కి కొలవడానికి ఏమీ దొరకదు, అందుకే నోరు మెదపదు. డ్యాష్‌బోర్డ్ పచ్చగానే ఉంటుంది. కాబట్టి ముందు మన స్టాండ్‌బై పేరుతో వరుస ఉందా అని చూడాలి, ఆలస్యం సంగతి ఆ తర్వాత. ఊరికే వరుసలు లెక్కపెడితే చాలదు, బేస్ బ్యాకప్ (డేటాబేస్ మొత్తానికీ తీసే కాపీ) నడుస్తున్నప్పుడు దాని వరుసలు కూడా అక్కడే కనిపిస్తాయి. ఇంకోటి, స్టాండ్‌బై అంతా అందుకుని, ప్రైమరీ ఖాళీగా ఉంటే కాసేపటికి ఆలస్యం కాలమ్‌లో నల్ (విలువ ఏమీ లేదని) వస్తుంది. అది మంచి వార్తే, కంగారు పడకండి.

స్టాండ్‌బై వైపు చివరగా అప్లై అయిన ట్రాన్సాక్షన్ సమయం చూసే ఫంక్షన్ ఉంది. అర్ధరాత్రి ప్రైమరీలో రాతలేమీ లేకపోతే అది గంటల ఆలస్యం ఉన్నట్టు చూపించి అనవసరంగా టెన్షన్ పెడుతుంది. దీనికి మందు చాలా చిన్నది. ప్రైమరీలో ఒకే వరుస ఉన్న టేబుల్ పెట్టి, క్రాన్‌తో (టైం ప్రకారం పనులు నడిపే టూల్) నిమిషానికోసారి అందులో సమయం రాయించండి. స్టాండ్‌బైలో అదే వరుస చదివితే నిజం బయటపడుతుంది. నా దగ్గర అన్నిటికన్నా నమ్మకమైన చెక్ ఇదే. రెండు సర్వర్ల గడియారాలూ కలిసి ఉండాలి, అంతే.

రెప్లికేషన్ స్లాట్లు (స్టాండ్‌బై ఎంతవరకు అందుకుందో ప్రైమరీ గుర్తుపెట్టుకునే ఏర్పాటు) వాడేవాళ్లకు ఒక మాట. స్టాండ్‌బై పడిపోయినా దానికోసం ప్రైమరీ వాల్ ఫైళ్లను దాచిపెడుతూనే ఉంటుంది, చివరికి డిస్కు నిండి తనే ఆగిపోతుంది. 13వ వెర్షన్ నుంచి మ్యాక్స్_స్లాట్_వాల్_కీప్_సైజ్ అనే సెట్టింగ్‌తో దీనికి హద్దు పెట్టొచ్చు, కానీ మనం మార్చేదాకా హద్దు లేనట్టే. హద్దు దాటితే స్టాండ్‌బైని మళ్లీ మొదటి నుంచి కట్టుకోవాల్సి రావచ్చు. ప్రైమరీ ఆగిపోవడం కన్నా అది ఎంతో నయం.